ఉప్పు పెరికల నుంచి సంతకాల దాకా: బంజారా హిల్స్ చెప్పే విలీన కథ

బంజారా హిల్స్ రోడ్ నంబర్ 10లో రెండు కొత్త భవనాలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒకటి సంత్ సేవాలాల్ బంజారా భవన్, రెండోది కుమురం భీం ఆదివాసీ భవన్. రెంటినీ 2022 సెప్టెంబరు 17న ప్రారంభించారు. ఏరికోరి పెట్టుకున్న ముహూర్తమది. 1948లో సరిగ్గా ఆ తేదీనే హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. విలీనం అనగానే మనందరికీ గుర్తొచ్చేది ఆ సెప్టెంబరులోని ఐదు రోజులే: 13న సరిహద్దు దాటిన ట్యాంకులు, 17న నిజాం రేడియో ప్రసంగం. కానీ ఒక దేశంలో ఇంకో దేశం కలవాలంటే సైన్యం వచ్చి వెళ్లినంత మాత్రాన సరిపోదు. నాణెం కలవాలి, రైలు కలవాలి, తపాలా కలవాలి, సరిహద్దులోని సుంకపు నాకాలు ఎత్తేయాలి. ఆ పనికి ఐదు రోజులు కాదు, చాలా ఏళ్లు పట్టింది. ఆ పనంతా కాగితాల మీద, సమావేశాల్లో, వాదోపవాదాల మధ్య జరిగింది. దాని ఆనవాళ్లు చాలావరకు బంజారా హిల్స్ నుంచి పంజాగుట్ట, సోమాజిగూడ, బేగంపేట, అమీర్‌పేట వరకు మనం రోజూ హారన్లు కొట్టుకుంటూ దాటిపోయే ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే ఉన్నాయి.

మొదట ఈ కొండకు పేరిచ్చిన వాళ్ల సంగతి. ఇప్పుడు నగల దుకాణాలు, ఆసుపత్రులు, కార్పొరేట్ ఆఫీసులు నిండిన ఈ గుట్టల మీద ఒకప్పుడు బంజారాలు, అంటే మన లంబాడీలు, గుడిసెలు వేసుకుని ఉండేవారు. చుట్టూ బండలు, వాటి సందుల్లో తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. రైళ్లు రాకముందు దక్కన్‌లో సరుకు కదిలిందంటే చాలావరకు వీళ్ల ఎడ్ల వీపు మీదే. సముద్రం లేని నేలకు ఉప్పు కావాలి. మచిలీపట్నం తీరంలో పండిన ఉప్పును పెరికల్లో నింపి, ఎడ్ల వీపున ఇరువైపులా వేలాడేసి, వందల మైళ్లు నడిపించుకుంటూ పైకి తెచ్చేవారు. తిరుగు ప్రయాణంలో బీరారు పత్తి కిందికి దిగేది. 1632లో ఆగ్రా నుంచి పాట్నా వెళ్తున్న పీటర్ మండీ అనే ఆంగ్లేయుడికి దారిలో ఒక బంజారా తండా ఎదురైంది. ధాన్యం మోస్తున్న 14,000 ఎడ్లు ఉన్నాయని లెక్క రాసుకున్నాడు. మైసూరు యుద్ధాల్లో కార్న్‌వాలిస్ సైన్యం తిన్నదీ, దక్కన్‌లో ఆర్థర్ వెల్లెస్లీ సైన్యం తిన్నదీ వీళ్లు మోసుకొచ్చిన తిండిగింజలే. రాజుల సరిహద్దులు ఎలా మారినా ఆ సరిహద్దుల మీదుగా ఉప్పు, పత్తి, ధాన్యం దాటించగలిగింది ఈ జాతి. వాళ్ల పేరు పెట్టుకున్న కొండ దగ్గర వ్యాపార ఒప్పందాల కథ మొదలుపెట్టడం సబబేనని నాకనిపిస్తుంది.

ఉప్పెద్దు దాటాల్సింది ఏరులూ అడవులే కాదు, సుంకం నాకాలు కూడా. జమీందారు ఒకచోట, ఇజారాదారు ఇంకోచోట, మధ్యలో దారి సుంకం, దాన్నే రాహ్‌దారీ అనేవారు. మచిలీపట్నంలో బయల్దేరిన ఉప్పు హైదరాబాద్ చేరేసరికి దాని మీద పడిన సుంకాల వరుసే సరుకు ధరను నిర్ణయించేది. ఈ దారికి ఒక పద్ధతి తేవాలని చేసుకున్నదే 1802 నాటి వాణిజ్య ఒప్పందం. ఒకవైపు రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్, మరోవైపు ఈస్టిండియా కంపెనీ. కంపెనీ తరఫున అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, కోఠిలో ఇప్పటికీ నిలిచిన రెసిడెన్సీ భవనం కట్టించినవాడు. ఆ ఒప్పందం ప్రకారం నిజాం మచిలీపట్నం రేవును వాడుకోవచ్చు, అక్కడ తన వర్తక కేంద్రం పెట్టుకోవచ్చు. ఇరుపక్షాల సరుకూ ఒకరి రాజ్యంలోంచి మరొకరి రాజ్యంలోకి స్వేచ్ఛగా సాగాలి. దారి పొడవునా వసూలు చేసే రాహ్‌దారీలు రద్దు. వాటికి బదులు కంపెనీ ఇలాకా నుంచి వచ్చే సరుకు మీద హైదరాబాద్‌లో విలువలో నూటికి ఐదు చొప్పున ఒక్క సుంకమే.

ఈ ఒప్పందంలో ఒక విషాదం ఉంది. మచిలీపట్నం అంతకుముందు నిజాం చేతిలోనిదే. 1766లో ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిచ్చాడు, 1788లో గుంటూరు వెళ్లింది, 1800లో రాయలసీమ జిల్లాలు దత్త మండలాలై పోయాయి. అన్నీ సైన్యానికో, అప్పుకో బదులుగా చేసిన సంతకాలే. తెలుగునేల మూడు ముక్కలైంది యుద్ధంలో ఓడి కాదు, ఒప్పందాల మీద. తన సొంత రేవును వాడుకోవడానికి నిజాం 1802లో మరో ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. సముద్రం చూడని 82,698 చదరపు మైళ్ల రాజ్యంగా హైదరాబాద్ మిగిలిపోయింది. 1947లో ఆ సంగతే అన్నిటికన్నా బరువుగా తేలింది.

తర్వాత నూటయాభై ఏళ్లు ఈ సంస్థానానికి సొంత సుంకాల శాఖ ఉండేది. కరోడ్‌గిరి అని జనం పిలిచేవారు. బెజవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు కరోడ్‌గిరి నాకా దగ్గర ఆగాలి, మూటలు విప్పాలి. ఈ అనుభవం తెలియాలంటే ఇవాళ్టి విజయవాడ హైవే మీద కోదాడ, గరికపాడు మధ్య ఒకసారి బండి ఆపి చూడండి. నిజాం ఇలాకాకు, కృష్ణా జిల్లాకు నాటి సరిహద్దు అక్కడే. 2014 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల హద్దూ అక్కడే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరిందీ ఆ గీత మీదే. ఇప్పుడు అక్కడ లారీలు ఆగడం లేదు, డ్రైవరు గేరు కూడా మార్చకుండా దాటిపోతాడు.

ఇక నాణేల సంగతి. పంజాగుట్టలో మెట్రో ఎక్కితే ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటి మూడో స్టేషను లక్డీకాపూల్. అక్కడికి దగ్గర్లో సైఫాబాద్ టంకశాల ఉంది. 1903లో నిజాం ప్రభుత్వం ఇక్కడ యంత్రాలతో నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో పని చర్లపల్లికి మారింది. ఏళ్ల తరబడి మూతబడ్డ ఆ పాత భవనాన్ని బాగుచేసి 2022 జూన్‌లో మింట్ మ్యూజియంగా తెరిచారు. హైదరాబాద్ రూపాయిని దగ్గరగా చూడండి. ఒక పక్క చార్మినార్. దాని నడిమి కమాను లోపల చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోదైతే 'ఐన్'. పాలకుడి పేరు మొదటి అక్షరమన్నమాట. ఉస్మాన్ అలీ ఖాన్ తొలినాళ్ల నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, ఆ తర్వాత పూర్తి అక్షరంగా ఎదిగింది. నాణేలు సేకరించేవాళ్లు భూతద్దం పట్టి వెతికేది ఆ తేడా కోసమే. ఇంకా చూస్తే 92 అనే అంకె. అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టే పద్ధతిలో మొహమ్మద్ ప్రవక్త పేరు మొత్తం అంత: నలభై, ఎనిమిది, నలభై, నాలుగు. వేలి గోరంత చోటులో ఒక నగరం, ఒక రాజు, ఒక విశ్వాసం ఇమిడిపోయాయి.

దీన్నే హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. 1918 నుంచి హైదరాబాద్ సొంతంగా నోట్లు కూడా వేసింది. బ్రిటిష్ వారి నీడలో ఉన్న సంస్థానాల్లో ఆ హక్కు మరెవరికీ లేదు. ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లిషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉండేవి. 100 కల్దార్ రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు కట్టాలి. లెక్క వింతగా అనిపిస్తుంది గానీ, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అన్నమాట. ఎందుకో తెలుసుకోవాలంటే వెండిని తూచాలి. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 వంతుల వెండి. కల్దార్ రూపాయి సుమారు 11.66 గ్రాములు, వెయ్యికి 917 వంతుల వెండి. లెక్క కట్టి చూస్తే ఒకదానిలో 9.14 గ్రాముల వెండి, మరోదానిలో 10.69. భాగించండి, ఏడుకు ఆరు అనే నిష్పత్తి దగ్గరికే వస్తుంది. పెళ్లిళ్లలో, సంభావనల్లో మనం నూటపదహార్లు ఇచ్చే ఆచారం ఈ మారకం నుంచే పుట్టిందని పెద్దవాళ్లు చెబుతుంటారు. నిజాం ఇలాకా పండితుడికి సర్కారు జిల్లాల నూరు రూపాయల సంభావనతో సమానంగా ముట్టాలంటే నూటపదహారు ఇవ్వాల్సి వచ్చేదని వారి మాట. నాకు ఆ కథ అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే కల్దార్ తప్ప వేరే నాణెం ఎరగని ఊళ్లలోనూ ఆ ఆచారం ఉంది. అయినా ఇష్టంగా వింటాను. మారకం లెక్క జనం సంభావనల్లోకి కూడా దూరిందంటే, ఆ రెండు రూపాయల మధ్య గోడ ఎంత నిత్యానుభవమో అర్థమవుతుంది.

రైలు ఆ గోడకు తొలి కన్నం వేసింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు, 1889లో బెజవాడకు పట్టాలు కలిశాయి. ఉప్పు బస్తా రైలెక్కడంతో పెరికెడ్ల పని అయిపోయింది. బంజారాల్లో చాలామంది వ్యవసాయంలోకి, కూలిలోకి మళ్లారు. నిజాం 1930లో ఆ రైల్వేను కంపెనీ నుంచి కొనేసి సొంతం చేసుకున్నాడు. 1947 నాటికి సొంత రైలు, సొంత తపాలా బిళ్లలు, సొంత నోటు, సొంత బ్యాంకు, సొంత విమాన సంస్థ ఉన్న సంస్థానమిది. ఆ విమానాలు ఎగిరింది అమీర్‌పేట పక్కనున్న బేగంపేట నుంచే.

ఇప్పుడు సోమాజిగూడకు రండి. రాజ్‌భవన్‌ను ఒకప్పుడు షా మంజిల్ అనేవారు. నిజాం ప్రధానమంత్రి అధికారిక నివాసం అది. 1947 అక్టోబరులో ఆ పదవిలో ఉన్నది ఛత్తారీ నవాబు. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చర్చలు ఒక కొలిక్కి వచ్చాయి. ఛత్తారీ, నిజాం న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఆ పని మీద ఢిల్లీ బయల్దేరాలి. అక్టోబరు 27 తెల్లవారుజామున మూడు గంటల వేళ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ కార్యకర్తలు వేల సంఖ్యలో ఈ ముగ్గురి ఇళ్లను చుట్టుముట్టారు. విమానం ఎక్కనివ్వలేదు. వాళ్లు రాజీనామా చేశారు. మొయిన్ నవాజ్ జంగ్, అబ్దుర్ రహీం, పింగళి వెంకట్రామారెడ్డిలతో కొత్త బృందం ఢిల్లీ వెళ్లింది. ఇంకా మంచి షరతులు తెస్తామన్నవాళ్లు చివరికి తెచ్చింది దాదాపు పాత కాగితమే. నవంబరు 29న నిజాం సంతకం చేశాడు. ఇవాళ గవర్నర్లు ప్రమాణ స్వీకారాలు చేయించే ఆ ఆవరణ పక్కనుంచి వెళ్తూ ఆ రాత్రి కేకలు ఊహించుకోవడం కష్టమే. కానీ ఈ రోడ్డు మీద ఆ రాత్రి ఆగిన కార్లు ముందుకు కదిలి ఉంటే తర్వాతి ఏడాది రక్తపాతం కొంతైనా తప్పేదని నేను నమ్ముతాను.

ఆ ఒప్పందం గడువు ఏడాది. బ్రిటిష్ వారితో ఉన్న ఏర్పాట్లన్నీ, విదేశాంగం, రక్షణ, రవాణా సహా, అలాగే కొనసాగాలి. ఒకరి ప్రతినిధి మరొకరి దగ్గర ఉండాలి. ఢిల్లీ నుంచి కె.ఎం. మున్షీ వచ్చారు. ఒప్పందం మొదట చీలింది ఎక్కడో గమనించండి: డబ్బు దగ్గర, సరుకు దగ్గర. సంతకాల సిరా ఆరకముందే హైదరాబాద్ రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి ఎగుమతి మీద ఆంక్ష. రెండోది సంస్థానంలో భారత రూపాయి చెల్లదని. దాంతోపాటు పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు. అటునుంచి భారత్ సరిహద్దుల దగ్గర సరుకు బిగించింది. పెట్రోలు, మందులు, ఉప్పు కూడా కరువయ్యాయి. సముద్రాన్ని 1766లో రాసిచ్చిన రాజ్యానికి 1948లో ఉప్పు రాళ్లు కరువు. రజాకార్ల దౌర్జన్యాలు ఊళ్ల మీద పడుతున్నాయి. సెప్టెంబరులో సైన్యం వచ్చింది. ఆ వెంటనే జరిగిన హింసలో ఎందరో ముస్లింలు చనిపోయారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతిని నమోదు చేసింది. విలీన కథ చెప్పుకునేటప్పుడు ఈ రెండు బాధలనూ ఒకే గొంతుతో చెప్పుకోవాలి.

బేగంపేట విమానాశ్రయంలో 1949 ఫిబ్రవరిలో దిగిన సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి స్వాగతం చెప్పిన ఫొటో మీరు చూసే ఉంటారు. ఆ రన్‌వే ఇప్పటికీ ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక ప్రయాణికుల విమానాలు మాత్రం ఆగిపోయాయి. ఆ ఫొటోతో కథ ముగిసినట్టు అనుకుంటాం. నిజానికి అసలు గుమాస్తా పని అప్పుడే మొదలైంది. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చాడు. 1950 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక విలీనం. ఆదాయ పన్ను, తపాలా, రైల్వే కేంద్రానికి వెళ్లాయి. 1951 నవంబరు 5న నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. హాలీ సిక్కా కొత్తగా వేయడం 1951లో ఆపేశారు, పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. 1941లో స్థాపించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. అమీర్‌పేటలో పాత ఖాతాదారులు కొందరు ఇప్పటికీ 'ఎస్‌బీహెచ్‌' అనే అంటారు.

అన్నిటికన్నా మొండిగా నిలిచింది సుంకం. దేశమంతటా వ్యాపారం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెబుతుంది. కానీ హైదరాబాద్ లాంటి రాష్ట్రాల ఖజానాకు సరిహద్దు సుంకమే పెద్ద దిక్కు. ఒక్కసారిగా తీసేస్తే బడులు, ఆసుపత్రులు నడవవు. అందుకే రాజ్యాంగంలోనే 306వ అధికరణం పెట్టారు. కేంద్రంతో ఒప్పందం చేసుకుని అలాంటి రాష్ట్రాలు పదేళ్లకు మించకుండా ఆ సుంకాలు వసూలు చేసుకోవచ్చు. ఐదేళ్లు గడిచాక రాష్ట్రపతి ఆ ఒప్పందాన్ని రద్దు చేయొచ్చు. హైదరాబాద్ 1950లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చి ప్రత్యామ్నాయ ఆదాయం చూసుకుంది. 1956 నాటి ఏడో సవరణతో 306వ అధికరణమే పోయింది. బలవంతంగా కలుపుకున్నాక కూడా మెల్లగా, ఖజానా కుంగకుండా, గడువు ఇచ్చి కలుపుకోవడం. ఈ ఓర్పు మన చరిత్ర పుస్తకాల్లో ఒక్క పేజీకి కూడా నోచుకోలేదు. అది నాకు వెలితిగా ఉంటుంది.

ఈ 301 మనవాళ్ల సొంత ఊహ కాదు. దాని వెనుక ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 92వ సెక్షన్ ఉంది. ఆ దేశం 1901 జనవరి 1న పుట్టేదాకా అక్కడ ఆరు బ్రిటిష్ వలసలు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల మధ్య మర్రే నది పొడవునా సుంకపు ఇళ్లు, ఆల్బరీ స్టేషనులో రెండు కొలతల పట్టాలు, ప్రయాణికులు దిగి రైలు మారాల్సిందే. న్యూ సౌత్ వేల్స్ నేత హెన్రీ పార్క్స్ 1889లో టెంటర్‌ఫీల్డ్‌లో చేసిన ప్రసంగం తర్వాత సమావేశాల మీద సమావేశాలు జరిగి ఆ వలసలు ఒక్కటయ్యాయి. కెనడా సంగతీ అంతే. 1854లో అమెరికాతో చేసుకున్న వ్యాపార ఒప్పందం తెగిపోతుందన్న భయం ఒకవైపు, 1864లో షార్లట్‌టౌన్, క్యుబెక్ సమావేశాలు మరోవైపు. 1867 జులై 1న కొత్త దేశం. ఆ దేశాల పిల్లలు సమావేశాలు జరిగిన భవనాలను చూడటానికి బస్సుల్లో వెళ్తారు. మన దగ్గర అలాంటి చోట్లకు ఒక ఫలకం కూడా ఉండదు.

ఎందుకంటే మన సమావేశాలకు భవనాలు దొరకడమే కష్టం. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు చెబితే ఆ తరం వాళ్లకు ఒళ్లు మండేది. ఆ ఆంక్షల మధ్యే ఆంధ్ర మహాసభ ఊరూరా తిరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు, 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి, 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. తీర్మానాలు చదువు గురించి, వెట్టి గురించి, భూమి గురించి. అటు మద్రాసులో 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు 'శ్రీబాగ్‌'లో కోస్తా, రాయలసీమ నేతలు నీళ్లు, రాజధాని, సీట్ల పంపకం మీద ఒక ఒడంబడిక రాసుకున్నారు. 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది ఆ కాగితం బలంతోనే.

దేవరకొండ సభాధ్యక్షుడు, షాద్‌నగర్ సభాధ్యక్షుడు ఇరవై ఏళ్ల తర్వాత ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1956 ఫిబ్రవరి 20, ఢిల్లీ. బూర్గుల అప్పుడు హైదరాబాద్ ముఖ్యమంత్రి. ఆయన వైపు కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎదుట బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. చోటు, లుట్యెన్స్ గీసిన పటంతో నిజాం ఢిల్లీలో కట్టించుకున్న హైదరాబాద్ హౌస్. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ సంఘం తెలంగాణను అప్పటికి వేరుగా ఉంచాలనీ, కలవాలనుకుంటే తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మెజారిటీతో కలవొచ్చనీ చెప్పింది. అంతవరకు ఆగకుండా కలపాలంటే తెలంగాణకు హామీలు కావాలి. మంత్రివర్గంలో 60:40 పాళ్లు, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణగా ఉన్న ముల్కీ నియమాలు, ప్రాంతీయ మండలి, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు. పెద్దమనుషుల ఒప్పందం అన్న పేరు దానికే. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాసుకున్న మాటలు నిలబెట్టకపోవడంతో 1969 ఉద్యమం, చివరికి 2014 జూన్ 2. కాగితం మీద కలిసింది కాగితం మీదే విడిపోయింది. సుంకం కట్టించే ఒప్పందాలను ఏళ్ల తరబడి అమలు చేసిన ప్రభుత్వాలు, మనుషుల వాటా చెప్పే ఒప్పందాన్ని అలా అమలు చేయలేకపోయాయి.

మళ్లీ గుట్టెక్కుదాం. బంజారా హిల్స్‌లో తొలి పెద్ద ఇల్లు కట్టినాయన మెహదీ నవాజ్ జంగ్, నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి. ఊరికి దూరంగా ఈ రాళ్లలో ఇల్లేమిటని అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారట. ఆయన బండలను పగలగొట్టించలేదు, గోడలను బండల మీదికే ఎక్కించాడు. 1933 డిసెంబరులో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడ అతిథిగా ఉండి ఈ కొండల మీద పద్యం రాశారు. మెహదీ నవాజ్ జంగ్ తర్వాతి జీవితం గమనించదగ్గది. నిజాం కొలువులో పనిచేసిన మనిషి 1952లో బూర్గుల మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1960 మే 1న పుట్టిన గుజరాత్‌కు తొలి గవర్నరుగా వెళ్లారు. పటేల్ పుట్టిన నేలకు తొలి గవర్నరుగా హైదరాబాద్ సంస్థానం మనిషి. రెడ్‌హిల్స్ క్యాన్సర్ ఆసుపత్రికి ఆయన పేరే, ఎంఎన్‌జే అంటే ఆయనే.

కొండ దిగితే పంజాగుట్ట. అక్కడే నిమ్స్, అది నిజాం ధర్మనిధితో మొదలైన ఎముకల ఆసుపత్రి. కాస్త ముందుకు ఎత్తు మీద ఎర్రమంజిల్, నిజాం మంత్రి ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవంతి. అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలనుకుంటే 2019లో హైకోర్టు ఆపింది. అటుపక్క అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ గోడల నిండా కోచింగ్ బోర్డులు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, బళ్లారి నుంచి, ఒడిశా నుంచి దిగిన పిల్లలు సంచి భుజాన వేసుకుని హాస్టల్ వెతుక్కుంటుంటారు. వాళ్ల తాతల తరంలో ఇక్కడికి రావాలంటే నాకాలో మూట విప్పాలి, రూపాయి మార్చుకోవాలి, ఉద్యోగానికి ముల్కీ సర్టిఫికెట్ చూపాలి. ఈ పిల్లలు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇడ్లీ తింటున్నారు.

చూడాలనుకునేవాళ్లకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి బయల్దేరడం తేలిక, ఎరుపు, నీలం లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. ఎరుపు లైనులో ఎల్బీనగర్ వైపు వెళ్తే లక్డీకాపూల్‌లో దిగి మింట్ మ్యూజియానికి ఆటోలో వెళ్లొచ్చు. వేళలు, సెలవు రోజులు ముందుగా కనుక్కుని వెళ్లండి. ఒప్పందాల కాలం నాటి దస్తావేజుల మీద ఆసక్తి ఉంటే నీలం లైనులో నాగోల్ వైపు తార్నాక. అక్కడి తెలంగాణ రాష్ట్ర పురాలేఖాగారంలో మొఘల్, నిజాం కాలపు రికార్డులు భద్రపరిచారు. పరిశోధకులు దరఖాస్తు పెట్టుకుని చూడాలి. రాజ్‌భవన్ లోపలికి మామూలు సందర్శకులను అనుమతించరు, రోడ్డు మీద నుంచి గేటు చూసి తృప్తి పడాలి. బంజారా హిల్స్ రోడ్ నంబర్ 1, 10 నడిచి చూడాలంటే ఆదివారం ఉదయం ఎనిమిదిలోపు వెళ్లడం మేలు, ఆ తర్వాత ట్రాఫిక్‌లో బండలు కనిపించవు. ఇంట్లో తాతమ్మల పెట్టెల్లో చార్మినార్ రూపాయి ఉంటే మ్యూజియానికి వెళ్లే ముందు ఒకసారి తీసి కమాను లోపలి అక్షరం ఏదో చూసుకోండి.